పాత లగ్జరీ కారులో సెన్సార్ కోడ్‌లు గుంపుగా వస్తే నిజంగా చెడింది ఏదో తేల్చుకోవడం ఎలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. ఆరు సిలిండర్ల పెట్రోల్ ఇంజిన్ ఉన్న మీ లగ్జరీ సెడాన్‌కు ఇరవై ఏళ్లు దాటాయి. చెక్ ఇంజిన్ దీపం ఆరడం లేదు. ఐడిల్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఊరికే తిరుగుతున్నప్పుడు, ఇంజిన్ వణుకుతోంది, ఉదయం చల్లగా ఉన్నప్పుడు ఆ వణుకు మరీ ఎక్కువగా ఉంటోంది. చాలా దూరం నడిపాక అప్పుడప్పుడు ఉన్నట్టుండి ఆగిపోయి, కాసేపు చల్లారాక ఏమీ జరగనట్టు మళ్లీ స్టార్ట్ అవుతోంది. కారు కంప్యూటర్ నమోదు చేసిన లోపాల కోడ్‌లను చదివే స్కానర్‌లో పీ0171, పీ0174, పీ0101, పీ0340 అనే నాలుగు కోడ్‌లు కనిపించాయి. లోపలికి వెళ్లే గాలిని కొలిచే మాఫ్ సెన్సార్, పొగ దారిలో ఉండే ముందువైపు ఆక్సిజన్ సెన్సార్లు రెండు, వాల్వులను తెరిచే క్యామ్ షాఫ్ట్ స్థానాన్ని చెప్పే క్యామ్ సెన్సార్, ఈ నాలుగింటినీ మార్చాలని మెకానిక్ చెప్పారు. మార్చాలా వద్దా అన్నది మీ సందేహం.

ఇప్పుడే ఏదీ మార్చవద్దని నా సలహా. మీరు రాసిన లక్షణాలను బట్టి ఇందులో రెండు వేర్వేరు లోపాలు ఉన్నట్టు కనిపిస్తోంది. మొదటిది, మాఫ్ సెన్సార్ దాటిన తర్వాత ఎక్కడో పగిలిన రబ్బరు పైపు గుండా లెక్కలోకి రాని గాలి ఇంజిన్‌లోకి వెళ్లడం. మొదటి మూడు కోడ్‌లకూ, ఐడిల్ వణుకుకూ ఈ ఒక్క కారణం సరిపోతుంది. రెండవది, వేడెక్కినప్పుడు, పిస్టన్లు తిప్పే క్రాంక్ షాఫ్ట్ స్థానాన్ని చెప్పే క్రాంక్ సెన్సార్ గానీ క్యామ్ సెన్సార్ గానీ, లేదా వాటి వైరింగ్ గానీ సంకేతాన్ని కోల్పోవడం. మీ ఆక్సిజన్ సెన్సార్లు చాలా వరకు బాగానే ఉండి ఉంటాయి. పెట్రోల్‌తో పోలిస్తే గాలి ఎక్కువైందన్న నిజాన్నే అవి చెబుతున్నాయి. నిజం చెబుతున్న సెన్సార్‌ను తీసేసి కొత్తది పెడితే అది కూడా అదే మాట చెబుతుంది, దీపం మళ్లీ వెలుగుతుంది.

కోడ్ దేని గురించి మాట్లాడుతుందో ముందుగా స్పష్టం చేసుకోవాలి, ఎందుకంటే డబ్బు ఎక్కువగా వృథా అయ్యేది ఇక్కడే. ఫలానా భాగం చెడిందని ఈసీయూ, అంటే ఇంజిన్‌ను అదుపు చేసే కంప్యూటర్, ఎన్నడూ చెప్పదు. తనకు అందిన సంకేతం తాను ఆశించిన హద్దుల్లో లేదని మాత్రమే చెబుతుంది. సెన్సార్ సంకేతం కనిష్ఠ హద్దు కంటే కిందికో గరిష్ఠ హద్దు కంటే పైకో పోయిందని చెప్పే కోడ్‌లు కొన్ని ఉంటాయి. మాఫ్ విషయంలో పీ0102, పీ0103 ఆ కోవకు చెందినవి. అవి వస్తే తీగ తెగడం, షార్ట్ కావడం, సెన్సార్ లోపల చెడిపోవడం వంటి విద్యుత్ లోపాలను చూడాలి. మీకు వచ్చిన పీ0101 అటువంటిది కాదు. సెన్సార్ పనిచేస్తూనే ఉంది గానీ, అది చెప్పే గాలి పరిమాణం, గాలిని లోపలికి వదిలే కవాటమైన థ్రాటిల్ తెరుచుకున్న స్థాయికీ ఇంజిన్ వేగానికీ పొసగడం లేదని ఆ కోడ్ అర్థం. ఇక పీ0171, పీ0174 అయితే ఏ సెన్సార్‌నూ వేలెత్తి చూపవు. మొదటి బ్యాంక్‌లోనూ (సిలిండర్ల ఒక గుంపు) రెండవ బ్యాంక్‌లోనూ గాలి, పెట్రోల్ మిశ్రమం పలచబడిందనే ఫలితాన్ని మాత్రమే నివేదిస్తాయి. రెండు బ్యాంక్‌లూ ఒకేసారి పలచబడ్డాయంటే కారణం ఆ రెండింటికీ ఉమ్మడిగా ఉన్న చోట వెతకాలి. రెండు ఆక్సిజన్ సెన్సార్లు ఒకే వారంలో ఒకే రకంగా చెడిపోవడం చాలా అరుదు.

కోడ్‌లను చెరిపేసే ముందు వాటితోపాటు నమోదైన ఫ్రీజ్ ఫ్రేమ్‌ను తప్పకుండా రాసి పెట్టుకోండి. కోడ్ పడిన క్షణంలో ఇంజిన్ వేగం, కూలెంట్ ఉష్ణోగ్రత, లోడ్, కారు వేగం ఎంతెంత ఉన్నాయో అందులో ఉంటుంది. పలచటి మిశ్రమం కోడ్ ఐడిల్‌లో పడితే గాలి లీక్ వైపు, హైవే మీద లోడ్‌తో పోతున్నప్పుడు పడితే పెట్రోల్ సరఫరా లేదా మాఫ్ వైపు అనుమానం మొగ్గుతుంది. చాలా వర్క్‌షాప్‌లలో మొదట కోడ్‌లు చెరిపేసి, ఏవి తిరిగి వస్తాయో చూద్దామంటారు. ఆ ఒక్క బటన్ నొక్కడంతో అప్పటివరకు పోగైన ఆధారమంతా పోతుంది.

స్కానర్ గురించి కూడా ఒక మాట చెప్పాలి. అమెరికాలో 1996 మోడళ్ల నుంచి, ఐరోపాలో పెట్రోల్ కార్లకు 2001 నుంచి కారు తన లోపాలను తానే నమోదు చేసే ఓబీడీ ప్రమాణం తప్పనిసరి అయింది. అంతకు ముందరి కార్లలో కంపెనీకో కనెక్టర్ ఉండేది. పాత బీఎండబ్ల్యూలలో బానెట్ కింద 20 పిన్నుల గుండ్రటి కనెక్టర్, పాత మెర్సిడెస్‌లలో 38 పిన్నుల గుండ్రటి కనెక్టర్ కనిపిస్తాయి. సాధారణ స్కానర్ కాలుష్యానికి సంబంధించిన ప్రామాణిక కోడ్‌లను మాత్రమే చదువుతుంది. ఆ కంపెనీ కార్ల కోసమే చేసిన స్కానర్ అయితే అదే లోపాన్ని మరింత వివరంగా చూపుతుంది, అది ఎన్నిసార్లు వచ్చిందో, ఇప్పుడు ఉందో లేదో కూడా చెబుతుంది. పాత లగ్జరీ కారును దగ్గర ఉంచుకోదలచిన వారికి విడి భాగాల కంటే ముందుగా కావలసింది అటువంటి స్కానర్, ఒక మంచి మల్టీమీటర్.

సెన్సార్ల జోలికి వెళ్లే ముందు బ్యాటరీ, ఎర్త్ చూడాలి. రాత్రంతా నిలిపిన కారులో బ్యాటరీ దగ్గర సుమారు 12.6 వోల్ట్‌లు ఉండాలి. సెల్ఫ్ తిప్పుతున్నప్పుడు అది 9.6 కంటే కిందికి పడకూడదు. ఇంజిన్ నడుస్తున్నప్పుడు 13.5 నుంచి 14.7 మధ్య ఉండాలి. ఈ తరగతి కార్లలో చాలా వాటికి బ్యాటరీ డిక్కీలోనో వెనక సీటు కిందో ఉంటుంది కాబట్టి ఇంజిన్ దాకా పొడవాటి కేబుల్ పోతుంది, ఇంజిన్‌కూ బాడీకీ మధ్య అల్లిక తీగ పట్టీ ఒకటి ఉంటుంది. ఆ పట్టీ తుప్పు పట్టినప్పుడు పరస్పరం సంబంధం లేని కోడ్‌లు డజన్ల కొద్దీ వస్తాయి. పరీక్ష సులభం. మల్టీమీటర్‌ను వోల్ట్‌లలో పెట్టి, ఒక మొన ఇంజిన్ బ్లాక్‌కు, మరొకటి బ్యాటరీ నెగటివ్ టెర్మినల్‌కు తాకించి సెల్ఫ్ తిప్పించండి. 0.3 వోల్ట్ దాటితే ఆ దారిలో ఎక్కడో అవరోధం ఉంది. నా దగ్గరికి వచ్చిన ఒక కారులో గేర్‌బాక్స్, ఏబీఎస్, ఇంజిన్ మూడూ కోడ్‌లు చూపాయి. ఈసీయూ మార్చాలని అప్పటికే ఎవరో తేల్చేశారు. చివరికి మార్చింది ఆ అల్లిక పట్టీ ఒక్కటే.

తర్వాత చూడాల్సింది ఫ్యూయల్ ట్రిమ్. మీ కారు విషయంలో సగం సమాధానం అక్కడే దొరుకుతుంది కాబట్టి దీన్ని కొంచెం నిదానంగా చెబుతాను. మాఫ్ చెప్పిన గాలికి తగినంత పెట్రోల్‌ను ఈసీయూ లెక్కగట్టి పంపుతుంది. మండిన తర్వాత మిగిలిన ఆక్సిజన్‌ను ముందువైపు సెన్సార్ చూసి మిశ్రమం చిక్కగా ఉందో పలచగా ఉందో చెబుతుంది. దాన్ని బట్టి ఈసీయూ చేసే దిద్దుబాటే ట్రిమ్. ప్లస్ అంటే పెట్రోల్ పెంచుతోందని, మైనస్ అంటే తగ్గిస్తోందని అర్థం. అప్పటికప్పుడు చేసేది స్వల్పకాలిక ట్రిమ్, అనుభవం మీద స్థిరపరచుకునేది దీర్ఘకాలిక ట్రిమ్. రెండూ కలిపి సున్నాకు అటూ ఇటూ 5 శాతం లోపు ఉంటే ఇంజిన్ ఆరోగ్యంగా ఉన్నట్టు. పాత ఇంజిన్‌లో 10 శాతం దాకా నేను ఆందోళన పడను. 20 శాతం దాటుతుంటే కోడ్ పడడం సహజం.

ఇంజిన్ పూర్తిగా వేడెక్కాక ఐడిల్‌లో ట్రిమ్ ఎంతో రాసుకోండి. తర్వాత నిమిషానికి 2500 చుట్ల వేగంలో అరనిమిషం నిలిపి మళ్లీ రాసుకోండి. ఐడిల్‌లో ప్లస్ 20 దగ్గర ఉన్న ట్రిమ్ 2500 దగ్గర 4, 5 శాతానికి దిగివస్తే గాలి లీక్ ఉందని దాదాపు ఖాయంగా చెప్పవచ్చు. ఐడిల్‌లో ఇంజిన్ పీల్చే గాలి కొంచెమే కాబట్టి పగులు గుండా దూరే గాలి అందులో పెద్ద వాటా అవుతుంది. వేగం పెరిగి థ్రాటిల్ తెరుచుకున్నకొద్దీ మొత్తం గాలి ఎన్నో రెట్లు పెరుగుతుంది, లీక్ వాటా మాత్రం కుంచించుకుపోతుంది. ఇందుకు భిన్నంగా ఐడిల్‌లో ట్రిమ్ బాగుండి, లోడ్ పెరిగేకొద్దీ ప్లస్ వైపు ఎక్కుతుంటే మాఫ్ తక్కువగా కొలుస్తోంది లేదా పెట్రోల్ ఒత్తిడి చాలడం లేదు. ఈ రెండింటిలో ఏదో తేలాలంటే ఫ్యూయల్ రైలుకు గేజ్ బిగించి, లోడ్‌లో ఒత్తిడి నిలబడుతోందా అని చూడాలి. ఆ తరం పోర్ట్ ఇంజెక్షన్ ఇంజిన్లలో అది సాధారణంగా 3 నుంచి 4 బార్ మధ్య ఉంటుంది. కచ్చితమైన అంకె కోసం మీ మోడల్ సర్వీస్ మాన్యువల్ చూడండి. కొన్ని జర్మన్ కార్ల స్కానర్లలో ట్రిమ్ బదులు అడిటివ్, మల్టిప్లికేటివ్ అడాప్టేషన్ అనే రెండు విలువలు కనిపిస్తాయి. మొదటిది ఐడిల్ దిద్దుబాటును, రెండవది పాక్షిక లోడ్ దిద్దుబాటును సూచిస్తుంది కాబట్టి, మొదటిది ఒక్కటే హద్దు దాటితే అది కూడా గాలి లీక్‌కే సంకేతం.

ఒక మినహాయింపు ఉంది. మాఫ్ లేకుండా, గాలిని సిలిండర్లకు పంచే మానిఫోల్డ్‌లోని ఒత్తిడిని కొలిచి గాలిని అంచనా వేసే ఇంజిన్లలో లీక్ అయిన గాలి కూడా ఒత్తిడి రూపంలో లెక్కలోకి వస్తుంది. వాటిలో లీక్ ఉంటే ట్రిమ్ అంతగా కదలదు, ఐడిల్ వేగం పెరుగుతుంది. మీది మాఫ్ ఉన్న ఇంజిన్ కాబట్టి పై పద్ధతి మీకు వర్తిస్తుంది.

లీక్ ఎక్కడుందో వెతకడానికి స్మోక్ మెషీన్‌ను మించినది లేదు. తక్కువ ఒత్తిడితో ఇన్‌టేక్ లోపలికి పొగ పంపితే అది పగులు ఉన్న చోటే బయటికి వస్తుంది. ఈ వయసు ఇంజిన్లలో నేను ముందుగా చూసేది మాఫ్‌కూ థ్రాటిల్‌కూ మధ్య ఉండే ముడతల రబ్బరు పైపును, అది కూడా దాని అడుగు భాగాన్ని. పైనుంచి చూస్తే అది కొత్తదానిలా ఉంటుంది. చేత్తో వంచితే ముడత లోతులో నిలువునా చీలిక బయటపడుతుంది. ఆ తర్వాత ఇంజిన్ అడుగు భాగమైన క్రాంక్‌కేస్ గాలి గొట్టాలు, వాటి డయాఫ్రమ్, ఆయిల్ డిప్‌స్టిక్ రబ్బరు రింగు, ఆయిల్ ఫిల్లర్ మూత, బ్రేక్ బూస్టర్ గొట్టం, మానిఫోల్డ్ గాస్కెట్లు చూస్తాను. ఐడిల్‌లో ఆయిల్ ఫిల్లర్ మూత తీయబోతే లోపలి నుంచి గట్టిగా పీల్చినట్టు పట్టుకుంటే క్రాంక్‌కేస్ డయాఫ్రమ్ చిరిగిందని అనుమానించాలి. వేడి ఇంజిన్ మీద కార్బ్ క్లీనర్ చల్లి శబ్దంలో మార్పు వినే పద్ధతి చాలా మందికి అలవాటే గానీ, నిప్పు అంటుకునే ప్రమాదం ఉన్నందున దాన్ని నేను సూచించను. చల్లటి వేళల్లో మీ కారు ఎక్కువగా వణకడానికీ కారణం ఇక్కడే ఉంది. చలికి రబ్బరు బిగుసుకుని పగులు తెరుచుకుంటుంది, పైగా స్టార్ట్ చేసిన తొలి నిమిషంలో ఆక్సిజన్ సెన్సార్లు ఇంకా వేడెక్కక దిద్దుబాటు మొదలుకాదు.

లీక్ లేదని తేలిన తర్వాతే మాఫ్ మీదికి రావాలి. వేడి ఐడిల్‌లో సెకనుకు వచ్చే గాలి గ్రాముల్లో, ఇంజిన్ లీటర్ల అంకెకు దగ్గరగానో కాస్త పైనో ఉండాలి. 3 లీటర్ల ఇంజిన్‌కు సుమారు 3 నుంచి 5 గ్రాములు సబబు. మీ స్కానర్ గంటకు కిలోల్లో చూపిస్తే ఆ అంకెను 3.6తో భాగించండి. పూర్తి థ్రాటిల్‌లో, గరిష్ఠ శక్తి వచ్చే వేగం దగ్గర, గ్రాముల అంకె ఇంజిన్ హార్స్‌పవర్‌కు సుమారు 0.8 రెట్లు ఉంటుంది. 230 హార్స్‌పవర్ ఇంజిన్ 180 పైచిలుకు చూపించాల్సిన చోట 120 దగ్గరే ఆగిపోతే మాఫ్ తక్కువగా చదువుతోందని గానీ, గాలి దారిలోనో పొగ దారిలోనో అడ్డు ఉందని గానీ అర్థం. పొగను శుభ్రపరిచే కన్వర్టర్ మూసుకుపోయినా ఇదే అంకె వస్తుందని మరవకండి. మాఫ్ కనెక్టర్ ఊడదీసి నడిపితే ఈసీయూ తన దగ్గరున్న ప్రత్యామ్నాయ విలువలతో లెక్కగడుతుంది. అప్పుడు ఇంజిన్ స్పష్టంగా మెరుగుపడితే మాఫ్ మీద అనుమానం బలపడుతుంది గానీ, ఈ పరీక్ష ఒక్కటే తీర్పు కాదు. కొనే ముందు మాఫ్ కోసమే తయారైన క్లీనర్‌తో ఒకసారి శుభ్రం చేసి చూడండి. బ్రేక్ క్లీనర్ వాడవద్దు, లోపలి పలుచటి ఫిల్మ్‌ను వేలితో గానీ దూదితో గానీ తాకవద్దు. నూనె పూసిన ఎయిర్ ఫిల్టర్ వాడుతుంటే ఆ నూనే సెన్సార్ మీద పేరుకుని ఉండవచ్చు.

ఆక్సిజన్ సెన్సార్ల విషయం. పాత జిర్కోనియా రకం 0.1, 0.9 వోల్ట్‌ల మధ్య చురుగ్గా ఊగుతుండాలి. కన్వర్టర్ తర్వాత ఉండే సెన్సార్ దాదాపు కదలకుండా 0.6, 0.7 దగ్గర నిలవాలి. ముందుది చెడిందో లేదో తేల్చడానికి దానికి చిక్కటి మిశ్రమం, పలచటి మిశ్రమం రెండూ చూపించాలి. ఇన్‌టేక్‌లోకి కొద్దిగా ప్రొపేన్ వదిలితే వోల్టేజ్ వెంటనే 0.8 దాటాలి, ఏదైనా చిన్న వాక్యూమ్ గొట్టం ఊడదీస్తే వెంటనే 0.2 కిందికి పడాలి. రెండింటికీ తడుముకోకుండా స్పందిస్తే దానికి మార్పిడి అక్కరలేదు. వైడ్‌బ్యాండ్ రకానికి ఈ వోల్టేజ్‌లు వర్తించవు, దాన్ని గాలి, పెట్రోల్ నిష్పత్తిని తెలిపేదిగా స్కానర్ చూపే లాంబ్డా విలువతోనే చూడాలి. సెన్సార్‌కు ముందు ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ గాస్కెట్ పగిలి బయటి గాలి లోపలికి వచ్చినా అది పలచగా ఉందనే చెబుతుంది. ఒక సిలిండర్ మిస్‌ఫైర్ అయినా అంతే, ఎందుకంటే మండని సిలిండర్ నుంచి వాడని ఆక్సిజన్ అంతా అక్కడికే వస్తుంది. ఆక్సిజన్ సెన్సార్లు వరుసగా మార్చినా దీపం ఆరని ఒక కారులో కారణం ఆ గాస్కెట్టే. ఉదయం స్టార్ట్ చేయగానే వినిపించి, వేడెక్కగానే పోయే టిక్‌టిక్ శబ్దాన్ని అంతవరకు ఎవరూ పట్టించుకోలేదు.

కూలెంట్ ఉష్ణోగ్రత సెన్సార్‌కు మీకు కోడ్ రాలేదు, అయినా దాన్ని చూసి పక్కన పెట్టడం మంచిది. రాత్రంతా నిలిపిన కారులో కీ ఆన్ చేసి చూస్తే కూలెంట్, లోపలికి వెళ్లే గాలి, రెండు ఉష్ణోగ్రతలూ బయటి వాతావరణానికి రెండు మూడు డిగ్రీల లోపే ఉండాలి. కనెక్టర్ ఊడదీస్తే స్కానర్ మైనస్ 40 దరిదాపుల్లో, కనెక్టర్‌లోని రెండు పిన్నులనూ చిన్న తీగతో కలిపితే 130 పైన చూపాలి. అలా చూపితే వైరింగ్, ఈసీయూ రెండూ బాగున్నట్టు, ఇక మిగిలింది సెన్సారే. ఈ రెండు నిమిషాల పరీక్షను రెండు తీగల ఉష్ణోగ్రత సెన్సార్లన్నింటికీ వాడవచ్చు.

ఇక వేడెక్కినప్పుడు ఆగిపోవడం. దీన్ని మిగతా అన్నింటికంటే తీవ్రంగా తీసుకోండి. ఇంజిన్ ఆగితే పవర్ స్టీరింగ్ పోతుంది, బ్రేక్ బూస్టర్‌లో మిగిలిన వాక్యూమ్ రెండు మూడు తొక్కులకే అయిపోతుంది. ఇది తేలేవరకు హైవే మీదికి వెళ్లవద్దని గట్టిగా చెబుతున్నాను.

కోడ్ క్యామ్ సెన్సార్‌ది కాబట్టి దాన్ని మారిస్తే సరిపోతుందని అనుకోవడానికి లేదు. క్యామ్ సంకేతం పోయినా చాలా ఇంజిన్లు నడుస్తూనే ఉంటాయి, స్టార్ట్ కావడానికి కొంచెం ఎక్కువసేపు పడుతుంది, అంతే. నడుస్తున్న ఇంజిన్‌ను ఒక్కసారిగా ఆపగలిగేది క్రాంక్ సంకేతం. చిక్కేమిటంటే, పాత వ్యవస్థల్లో క్రాంక్ సంకేతం పోతే ఇంజిన్ మామూలుగానే ఆగిందని ఈసీయూ అనుకుని కోడ్ వేయకపోవచ్చు. లేదా క్రాంక్, క్యామ్ సంకేతాలు ఒకదానితో ఒకటి పొంతన తప్పినందుకు తప్పును క్యామ్ మీద నమోదు చేయవచ్చు. అందువల్ల కోడ్ కంటే ఆగిపోయిన క్షణాన్ని పట్టుకోవడం ముఖ్యం. స్కానర్ కారులోనే ఉంచుకోండి. ఆగిపోయిన వెంటనే, చల్లారనివ్వకుండా, సెల్ఫ్ తిప్పుతూ ఇంజిన్ వేగం ఎంత చూపిస్తోందో చూడండి. సెల్ఫ్ ఇంజిన్‌ను తిప్పుతున్నా స్కానర్ సున్నా చూపిస్తే క్రాంక్ సంకేతం రావడం లేదు. 200 చుట్ల దరిదాపుల్లో స్థిరంగా చూపిస్తూ కూడా స్టార్ట్ కాకపోతే అనుమానం ఫ్యూయల్ పంప్, దాని రిలే, ఇగ్నిషన్ సరఫరా వైపు మళ్లించాలి. వేడికి లోపలి టంకం వదులయ్యే రిలే సరిగ్గా ఇదే లక్షణాన్ని చూపిస్తుంది, అందుకే ఈ ఒక్క పరీక్ష చేయకుండా సెన్సార్ కొనవద్దు.

సెన్సార్‌ను విడిగా కొలవాలంటే అది ఏ రకమో తెలియాలి. ఇండక్టివ్ రకంలో తీగచుట్ట మాత్రమే ఉంటుంది. సాధారణంగా కొన్ని వందల ఓమ్‌ల నుంచి 1500 ఓమ్‌ల దాకా నిరోధం చూపిస్తుంది. చల్లగా ఉన్నప్పుడు ఒకసారి, హెయిర్ డ్రయర్‌తో వేడి చేసి మరోసారి కొలవండి. వేడికి కొంత పెరగడం సహజం, తీగ తెగినట్టు అంతులేని నిరోధం చూపితే దోషి అదే. లోపల ఎలక్ట్రానిక్ చిప్ ఉండే హాల్ రకానికి ఓమ్‌ల పరీక్ష పనికిరాదు, మల్టీమీటర్ పంపే కరెంటుకు అది చెడిపోయే అవకాశం కూడా ఉంది. దానికి సరఫరా వోల్టేజ్, ఎర్త్ ఉన్నాయో చూసి, సంకేతపు తీగ మీద చతురస్రపు తరంగం వస్తోందో ఓసిలోస్కోప్‌తో చూడాలి. మూడు తీగలు ఉన్నంత మాత్రాన హాల్ రకమని నిర్ధారించుకోవద్దు, ఇండక్టివ్ సెన్సార్‌లో మూడోది కవచపు తీగ కావచ్చు. స్కోప్ ఉంటే క్రాంక్ చక్రం పళ్లు కూడా లెక్కపెట్టవచ్చు. చాలా ఇంజిన్లలో 60 పళ్ల చోటు నుంచి రెండు తీసేసి 58 ఉంచుతారు, ఆ ఖాళీ ప్రతి చుట్టుకూ ఒకసారి శుభ్రంగా కనబడాలి.

క్యామ్, క్రాంక్ కోణాల మధ్య పొంతన లేదని చెప్పే పీ0016 వంటి కోడ్‌లు మీకు రాలేదు, అది శుభం. అవి వచ్చి ఉంటే సెన్సార్ల కంటే ముందుగా క్రాంక్‌ను క్యామ్‌తో కలిపే టైమింగ్ చెయిన్ సాగిందేమో చూడమని చెప్పేవాడిని.

వైరింగ్‌ను వదిలేయకండి. నా అనుభవంలో ఈ వయసు కార్లలో సెన్సార్ కంటే దానికి వెళ్లే చివరి జానెడు తీగ ఎక్కువగా చెడుతుంది. 1990ల తొలి సగంలో వచ్చిన కొన్ని మెర్సిడెస్ ఇంజిన్ల హార్నెస్‌లలో, అంటే తీగల కట్టల్లో, తీగల పై పొర వేడికి పెళుసై పొడిగా రాలిపోవడం ఆ కార్లున్నవారికి బాగా తెలిసిన సంగతే. క్యామ్ సెన్సార్ లేదా క్యామ్ సోలనాయిడ్ సీల్ గుండా ఇంజిన్ ఆయిల్ కనెక్టర్‌లోకి దూరి, తీగల లోపలి నుంచే పాకుతూ ఈసీయూ దాకా వెళ్లడం మరో రకం. కనెక్టర్ ఊడదీసినప్పుడు పిన్నుల మీద ఆయిల్ తడి కనిపిస్తే కొత్త సెన్సార్ బిగించినా సమస్య తీరదు, ఆయిల్ ఎంతవరకు వెళ్లిందో హార్నెస్ వెంట చూసుకుంటూ పోవాలి. ఇంజిన్ ఐడిల్‌లో ఉండగా ఒక్కొక్క కనెక్టర్ దగ్గర తీగలను మెల్లగా కదిపి, స్కానర్‌లో విలువ తుళ్లుతోందేమో చూడండి. కొలవడానికి తీగ పై పొరను సూదితో పొడవవద్దు, ఆ రంధ్రం గుండా తేమ చేరి ఏడాది తిరిగేసరికి కొత్త లోపం పుడుతుంది.

మీ కోడ్‌లలో ఆ ఛాయ లేదు గానీ, ఇది చదివే ఇతరులకు ఉపయోగపడుతుందని మరొకటి చెబుతాను. థ్రాటిల్, మానిఫోల్డ్ ఒత్తిడి, ఏసీ గ్యాస్ ఒత్తిడి వంటి చాలా సెన్సార్లకు ఈసీయూ ఒకే 5 వోల్ట్‌ల సరఫరాను పంచుతుంది. వాటిలో ఒకటి లోపల షార్ట్ అయితే అన్నింటి సరఫరా పడిపోయి, బాగున్నవన్నీ చెడినట్టు కోడ్‌లు వస్తాయి. నేను చూసిన ఒక కారులో యాక్సిలరేటర్ పెడల్, థ్రాటిల్, ఒత్తిడి సెన్సార్ మూడింటికీ ఒకేసారి కోడ్‌లు వచ్చాయి. ఆ సరఫరా మీద మీటర్ పెట్టి సెన్సార్లను ఒక్కొక్కటిగా ఊడదీస్తూ పోతే, ఏసీ గ్యాస్ ఒత్తిడి సెన్సార్ ఊడదీయగానే 5 వోల్ట్‌లు తిరిగి వచ్చాయి. దానికి మాత్రం ఒక్క కోడ్ కూడా లేదు.

మార్చాల్సిందే అని తేలిన భాగాన్ని కొనేటప్పుడు, కారు తయారైనప్పుడు ఆ సెన్సార్‌ను సరఫరా చేసిన కంపెనీదే తీసుకోండి. పాత సెన్సార్ మీద బాష్, సీమెన్స్ వీడీవో, డెన్సో, ఎన్‌టీకే వంటి పేరు అచ్చయి ఉంటుంది. ముఖ్యంగా మాఫ్, క్రాంక్ సెన్సార్ల విషయంలో చవక నకళ్లు పెట్టిన రోజు నుంచే తప్పుడు విలువలు ఇస్తాయి, అప్పుడు కొత్త భాగాన్ని అనుమానించడానికి మనసు ఒప్పక అసలు పరీక్ష దారి తప్పుతుంది. ఇంజిన్ లోపలి తట్టుడు శబ్దాన్ని వినే నాక్ సెన్సార్‌ను ఎప్పుడైనా విప్పాల్సి వస్తే దాని బోల్టును మాన్యువల్ చెప్పిన బిగువుకే, సాధారణంగా 20 న్యూటన్ మీటర్ల దగ్గర, టార్క్ రెంచ్‌తో బిగించాలి. బిగువు తేడా వస్తే బాగున్న సెన్సారే తప్పుగా వింటుంది. మాఫ్ మార్చినా, లీక్ సరిచేసినా ఈసీయూలోని పాత అడాప్టేషన్ విలువలను స్కానర్‌తో చెరిపేయాలి, లేకపోతే పాత దిద్దుబాటుతోనే కొన్నాళ్లు చిక్కటి మిశ్రమం మీద నడుస్తుంది.

మీ మెకానిక్ మాటలో సబబైన భాగం కూడా ఉంది. ముందువైపు ఆక్సిజన్ సెన్సార్లు కారుతో వచ్చినవే అయి, 1,60,000 కిలోమీటర్లు దాటి ఉంటే వాటిని సర్వీస్‌లో భాగంగా మార్చడం తప్పు కాదు. అయితే అది లీక్ సరిచేశాక చేయాల్సిన పని. అలాగే కొన్ని వరుస ఆరు సిలిండర్ల ఇంజిన్లలో క్రాంక్ సెన్సార్ ఇన్‌టేక్ మానిఫోల్డ్ కింద, సెల్ఫ్ మోటారు పక్కన ఉంటుంది. లీక్ కోసం మానిఫోల్డ్ దించాల్సి వస్తే, అది పరీక్షలో నెగ్గినా సరే, అదే విప్పుడులో కొత్తది వేయించమంటాను. మళ్లీ అంత పని చేయించే ఖర్చు సెన్సార్ ధర కంటే ఎక్కువ.

మీరు ఇప్పుడు చేయాల్సింది ఇంతే. ఫ్రీజ్ ఫ్రేమ్ రాసుకోండి, బ్యాటరీ వోల్టేజ్ మూడు స్థితుల్లో కొలవండి, వేడి ఇంజిన్‌తో ఐడిల్‌లోనూ 2500 దగ్గరా రెండు బ్యాంక్‌ల ట్రిమ్ రాసుకోండి, థ్రాటిల్ ముందరి రబ్బరు పైపును విప్పి వంచి చూడండి, క్యామ్ సెన్సార్ కనెక్టర్ తీసి ఆయిల్ తడి ఉందేమో చూడండి. ఈసారి ఆగిపోయినప్పుడు సెల్ఫ్ తిప్పుతూ స్కానర్‌లో ఇంజిన్ వేగం చూడడం మరవవద్దు. ఈ అంకెలతోపాటు కారు మోడల్, ఇంజిన్ కోడ్, ఇప్పటివరకు తిరిగిన కిలోమీటర్లు ఇక్కడ రాస్తే, వాటిని బట్టి తర్వాత ఏది విప్పాలో చెబుతాను.